బొమ్మ లేకుండా ఇల్లు చేరిన సినిమా

హోం థియేటర్ తెలుగు ఇళ్లకు టీవీ వెనకాలే వచ్చిందనుకోవడం పరిపాటి గాని, కృష్ణా డెల్టాలో ఇల్లు చేరిన తొలి సినిమాకు బొమ్మే లేదన్నది ఈ వస్తువు చరిత్రలోకెల్లా ముచ్చటైన విషయం. రెండున్నర, మూడు గంటల సినిమాలోని మాటలనూ పాటలనూ కుదించి ఆకాశవాణి సుమారు గంటసేపు వినిపించిన కార్యక్రమానికి ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అని పేరు. కంటికి ఏమీ కనబడని దానిని చిత్రమనడం వినేవారెవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

ఈ తలకిందుల వ్యవహారం రేడియో కంటే పాతది. బెజవాడలో 1921లో పోతిన శ్రీనివాసరావు నెలకొల్పిన మారుతీ సినిమా ఆంధ్ర ప్రాంతపు తొలి సినిమా హాలుగా పేరుపొందింది. మొదట్లో అక్కడ ఆడినవి మూకీలు, అనగా బొమ్మ ఉండి మాట లేనివి. మైలవరం నాటక సమాజంలో వెలిగిన కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు మాత్రం గ్రామఫోను ప్లేట్ల మీద ఇళ్లకు చేరాయి గనుక, హాలులో గొంతు లేని బొమ్మ, ఇంట్లో బొమ్మ లేని గొంతు అన్నట్టు సాగింది. ప్లేటుకు ఒక వైపున పట్టేది మూడు, నాలుగు నిమిషాలే కాబట్టి రాగాలాపనను గాయకుడే కత్తిరించుకోవలసి వచ్చేది. పైగా 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చేదాకా మంద్రధ్వనులు, అంటే సెకనుకు తక్కువ కంపనాలతో పుట్టే లోతైన శబ్దాలు, మైనం మీద సరిగా గీతపడేవి కావు.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. వాల్వు రేడియోను మీట నొక్కగానే పలికించడం సాధ్యమయ్యేది కాదు. వాల్వులు వేడెక్కేదాకా, డయలు వెనుక దీపం పసుపుపచ్చగా వెలుగుతుండగా, ఇంటిల్లిపాదీ కాచుకునేవారు. చెక్కపెట్టె ముందుభాగానికి బిగించిన గుడ్డ వెనుక ఉండేది ఒక్కటే కాగితపు శంకువు, అంటే కదిలే తీగచుట్టకు అతికించిన గరాటు ఆకారపు పొర. ఈ నిర్మాణాన్ని 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు వివరించగా, నేటి ఖరీదైన స్పీకర్లలో అధికభాగం ఇంకా దానినే నమ్ముకుని ఉన్నాయి. మీడియం వేవ్ ప్రసారంలో పైస్థాయి ధ్వనులు తెగిపోయేవి, బోలు చెక్కపెట్టె కిందిస్థాయికి కాస్త నిండుదనం ఇచ్చేది, అందువల్ల ఎవరి గొంతైనా ఛాతీలోంచి వచ్చినట్టు వినిపించేది. సెట్టును గూటిలోనో మూలనున్న బల్లమీదనో పెట్టడం మామూలే గాని, రెండు గోడలు కలిసేచోట మంద్రధ్వని బలపడుతుందన్న సంగతి ఆ ఇంటివారికి తెలియవలసిన అవసరం రాలేదు. రేడియోలోనే కాదు, బయట కూడా సినిమా ఇలా చెవికే చేరేది: నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు 1977లో తీసిన ‘దానవీరశూరకర్ణ’ సంభాషణలు గ్రామఫోను రికార్డులకెక్కి, పెళ్లిపందిళ్లలో మైకుసెట్ల నుంచి మోగగా, సినిమా చూడనివారికి సైతం అవి కంఠస్థమయ్యాయి. ఆ తరం శ్రోతకున్న చెవి తర్వాతి తరానికి దక్కలేదని చెప్పక తప్పదు. మాటను బట్టి మనిషిని ఊహించుకునే పని అతడే చేసుకునేవాడు.

ట్రాన్సిస్టరు, టేప్‌రికార్డరు, టీవీ ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి బొమ్మ దొరికింది గాని, గొంతు సన్నబడింది. లోతు హాలులోనే మిగిలింది. అమెరికాలో 1974 నాటి ‘ఎర్త్‌క్వేక్’ చిత్రానికి పెద్ద పెద్ద స్పీకర్లతో భూకంపాన్ని ఒంటికి తగిలించే ప్రయత్నం జరగగా, లాస్ ఏంజిలిస్‌లోని ఒక హాలులో పైకప్పు పెచ్చులు ప్రేక్షకుల మీద రాలకుండా వల కట్టారు. తెలుగులో 1986 నాటి ‘సింహాసనం’ తొలి 70 ఎంఎం చిత్రంగా ఆరు ట్రాకుల ధ్వనితో వచ్చింది. తర్వాత స్థిరపడిన 5.1 అమరికలో ఐదు పూర్తిస్థాయి ధ్వనిమార్గాలతోపాటు, సెకనుకు 120 కంపనాల లోపు ధ్వనికి మాత్రమే ప్రత్యేకించిన మార్గాన్ని ‘పాయింట్ ఒకటి’ అన్నారు. ఇంట్లో దానిని మోసేది సబ్‌వూఫరు అనే పెట్టె.

విజయవాడ అపార్టుమెంటులో, స్లాబు కింద, టైల్సు మీద, ఈ పెట్టె ప్రవర్తన వేరు. సెకనుకు 40 కంపనాల ధ్వనితరంగం పొడవు సుమారు 28 అడుగులు. 14 అడుగుల హాలులో దాని సగం సరిగ్గా ఇముడుతుంది గనుక ఆ ధ్వని గోడల దగ్గర ఉబ్బి, నడిమధ్యన కుంగిపోతుంది, బీరువా తలుపూ స్టీలు గిన్నెలూ గణగణమంటుంటే మధ్య కుర్చీలోని మనిషికి మాత్రం అది దాదాపు వినబడదు. అందుచేత పెట్టెను ముందుగా కూర్చునే చోట ఉంచి, పాట పెట్టి, గోడవారన వంగి నడుస్తూ ఎక్కడ బాగా వినబడితే అక్కడికి దానిని మార్చడం తెలిసినవారి పద్ధతి. ఎంపికలో కొలతకంటే నిర్మాణం ముఖ్యం: పూర్తిగా మూసిన పెట్టె దెబ్బను బిగువుగా కొట్టి ఆపుతుంది, గొట్టం ఉన్న పెట్టె, ఖాళీ సీసా మూతిమీద ఊదినప్పుడు మోగినట్టు, ఒక స్థాయి దగ్గర ఎక్కువగా పలికి, అంతకంటే కింద చప్పున నీరసిస్తుంది.

ఇంత చేసినా సంభాషణల్లో అధికభాగం వచ్చేది మధ్య స్పీకరు నుంచే, కొనేవారు అతి తక్కువగా పట్టించుకునేదీ దానినే. పోరాట దృశ్యానికి కిటికీలు అదురుతాయి, మాటలు మొదలుకాగానే రిమోటు కోసం చెయ్యి చాస్తారు; ఆ స్పీకరు టీవీ బల్ల కింది అరలో, కొండపల్లి ఏనుగు అంబారీ వెనుక, గోడవైపు తిరిగి ఉంటుంది.