సంతకాన్ని ఉక్కు ఒప్పుకోవాలి

1864 జులైలో క్యోటోలోని ఇకెదాయా సత్రంపై, జపాన్ సైనిక పాలకుడు షోగున్ పక్షాన ఉన్న షిన్‌సెన్‌గుమి దళం రాత్రివేళ దాడి చేసింది. షోగున్‌ ప్రభుత్వాన్ని ఎదిరించేవారు అక్కడ సమావేశమయ్యారన్నది సమాచారం. పోరు ముగిశాక దళనాయకుడు కొందో ఇసామి తన పెంపుడు తండ్రికి ఉత్తరం రాశాడు. తోటివారి కత్తులు దెబ్బతిన్నా తనది పేరొందిన కమ్మరి కొతెత్సు చేసినది కాబట్టి కాబోలు చెక్కుచెదరలేదని అందులో చెప్పుకున్నాడు. అయితే అది అసలైన కొతెత్సు కాదన్న అభిప్రాయం జపాన్‌లో బలంగా ఉంది.

ఈ అనుమానానికి కారణముంది. నగసొనె కొతెత్సు 17వ శతాబ్దపు కమ్మరి. మొదట ఎచిజెన్‌ ప్రాంతంలో కవచాలు చేశాడు. యాభై ఏళ్ల ప్రాయంలో ఎదో నగరానికి, అంటే నేటి టోక్యోకు వచ్చి కత్తుల తయారీ చేపట్టాడు. కొద్దికాలంలోనే ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, ఆ పేరును ఇతరుల కత్తులపై చెక్కడం ఒక వ్యాపారమైపోయింది. కొతెత్సు సంతకం కనిపిస్తే ముందు నకిలీ అనుకోమని జపాన్‌ కత్తుల లోకంలో ఒక హెచ్చరికే ఉంది.

జపాన్‌ కత్తికి సంతకం ఉండేది పిడిలో దాగే కాడపై. దాన్ని నకాగో అంటారు. కమ్మరి చిన్న ఉలితో, సుత్తి దెబ్బ మీద దెబ్బ వేస్తూ తన పేరు చెక్కుతాడు. ఆ సంతకం మెయ్‌, దొంగ సంతకం గిమెయ్‌. పిడిని బిగించిన వెదురు మేకు తీస్తే కాడ బయటపడుతుంది.

అనుభవజ్ఞుడు ముందుగా చూసేది మాత్రం సంతకాన్ని కాదు. కత్తి వంపు, ఉక్కు పొరల అల్లిక, వేడి ఉక్కును నీటిలో ముంచి గట్టిపరిచినప్పుడు అంచు వెంట ఏర్పడే తెల్లని హమోన్‌ రేఖ చూసి, ఇది ఏ కాలానిది, ఏ సంప్రదాయానిది, ఎవరి చేతిది అని ఒక నిర్ణయానికి వస్తాడు. ఆ తర్వాతే కాడపై పేరు చదువుతాడు. ఉక్కు 17వ శతాబ్దమని చెబుతుంటే పేరు 13వ శతాబ్దపు కమ్మరిదైతే, వాదన అక్కడితో ముగిసినట్టే.

రెండూ పొసగితే పరీక్ష మరింత సూక్ష్మమవుతుంది. శతాబ్దాల తుప్పు ముదురు రంగులో, ఒకే తీరున పరుచుకుంటుంది. అక్షరాల గాడుల్లోనూ ఆ ముదురుదనమే ఉండాలి. పాత కాడపై కొత్తగా ఉలి ఆడిస్తే ఆ తీరు చెదురుతుంది. మందులతో తెప్పించిన తుప్పు సాధారణంగా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. కాడపై ఆకురాయి గీతల వాలు కూడా సాక్ష్యమే, ఎందుకంటే ప్రతి సంప్రదాయానికీ దాని పద్ధతి ఉంటుంది.

చేతిరాతకూ వయసుంటుంది. కొతెత్సు తన పేరులోని ఒక అక్షరాన్ని 1664 ప్రాంతం వరకు ఒక రూపంలో, తర్వాత పెట్టెలాంటి మరో రూపంలో చెక్కాడు. జపమాల పూసల్లా సాగే హమోన్‌ ఎక్కువగా ఈ రెండో దశ పనిలోనే కనబడుతుంది. ఒసాకాలోని త్సుదా సుకెహిరో సంతకం కూడా 1674లో గుండ్రని రాతకు మారింది. అక్షరం, కాడపై చెక్కిన తేదీ, ఉక్కు పనితనం ఒకే కాలాన్ని చూపాలి. అందుకే పరిశీలకులు కాడపై పలుచని కాగితం పరిచి సిరాతో రుద్ది తీసిన అచ్చులను, అసలైనవని రుజువైన కత్తుల అచ్చులతో గీత గీతగా పోలుస్తారు.

నకిలీ చేసినవారిలోనూ ఘనులున్నారు. 19వ శతాబ్దపు నవోమిత్సు స్వయంగా మంచి కమ్మరే. అయినా కజిహెయ్‌ అన్న పేరుతో దొంగ సంతకాలకే ప్రసిద్ధుడయ్యాడు.

సంతకం లేనంత మాత్రాన కత్తి తక్కువదీ కాదు. పొడవైన పాత కత్తులను కాడ వైపు నుంచి కురచ చేసినప్పుడు ఎన్నో అసలు సంతకాలు తెగిపోయాయి. కమకురా యుగపు మహాశిల్పి మసమునె చాలా అరుదుగా సంతకం పెట్టాడు. అలాంటి కత్తులకు హొనామి వంశపు పరీక్షకులు తరతరాలుగా కర్తను నిర్ణయించి పత్రాలిచ్చారు. నేడు ఆ పని చేసే సంస్థల్లో ముఖ్యమైనది, 1948లో ఏర్పడిన జపాన్‌ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం. సంతకం దొంగదని తేలితే ఆ సంఘం పత్రమివ్వదు. యజమాని ఆ పేరును చెరిపించి, సంతకం లేని కత్తిగా మళ్లీ పరీక్షకు పంపవచ్చు. ఒకసారి చెరిపిన అక్షరం తిరిగి రాదు కాబట్టి, ఒక్కరి మాటపై ఆ పని చేయించకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎన్నో కత్తులు అమెరికన్‌ సైనికుల వెంట సముద్రాలు దాటాయి. అలాంటిది ఎక్కడైనా మీ చేతికొస్తే, కాడపై తుప్పు గీకకండి, నిమ్మరసమో ఇసుక కాగితమో తాకనివ్వకండి. సంతకం నిజానిజాలు తేల్చే సాక్ష్యం ఆ తుప్పులోనే ఉంది. దొంగ పేరు మోస్తున్న కత్తి వెనుక గొప్ప కమ్మరి పనితనం ఉండవచ్చు. పేరు చూసి మురిసిపోవడమూ, పేరు చూసి పారేయడమూ రెండూ తప్పే.