ప్రారంభపట్టికలో మిగిలిపోయిన పేర్లు

ఒకే కంప్యూటరులో రెండు నిర్వాహక వ్యవస్థలను, అనగా ఆపరేటింగ్ సిస్టములను, పెట్టుకొనుట విద్యార్థులలోను ఇంజనీర్లలోను సామాన్యమే. కొంతకాలమునకు వానిలో నొకటి అక్కరలేకపోవును. దానిని డిస్కునుండి తుడిచివేయుదురు. మరునాడు మీట నొక్కగానే తెరమీద ఆ రెండు పేర్లే మరల ప్రత్యక్షమగును. ఏది కావలెనో చెప్పుమని యంత్రము ముప్పది సెకండ్లు వేచియుండును. ఊరు విడిచి పోయిన మనిషి పేరు ఓటర్ల జాబితాలో ఏండ్ల తరబడి నిలిచియుండుట వంటిదే యిది. ఇల్లు వేరు, జాబితా వేరు. ఒకదానిని ఖాళీ చేసినంత మాత్రమున రెండవది మారదు.

ఆ జాబితా ఎక్కడ వ్రాయబడియున్నదో తెలిసినగాని పేరు కొట్టివేయుట సాధ్యము కాదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఏలయనగా గత నలుబది సంవత్సరములలో ఆ చోటు పలుమార్లు మారినది.

మొదట అసలు జాబితాయే లేదు. 1965లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ తయారు చేసిన పిడిపి-8 యంత్రమునకు ముందుభాగమున వరుసగా మీటలుండెడివి. యంత్రమును నడుపువాడు ఇరువదికి మించని ఆజ్ఞలను ఆ మీటలతో ఒక్కొక్కటిగా లోనికెక్కించును. ఆ చిన్న ప్రోగ్రాము కాగితపు టేపుమీదనుండి మరియొక పెద్ద ప్రోగ్రామును చదువుకొనును. తన జోళ్ళ పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట అను ఇంగ్లీషు నుడికారమునుండి ఈ పనికి బూట్‌స్ట్రాప్ అను పేరు, దానినుండి బూట్ అను పొట్టిపేరు కలిగినవి. నాటి అయస్కాంతపు కోర్ మెమరీ విద్యుత్తు పోయినను విషయమును మరువదు. కావున ఆ ఆజ్ఞలను ప్రతిదినము ఎక్కింపవలసిన అవసరము కొంత తగ్గెను.

1981 ఆగస్టులో ఐబిఎం పర్సనల్ కంప్యూటరు వెలువడినది. దీనిలో మీటల పనిని చెరగని మెమరీలోని బయాస్ అను ప్రోగ్రాము నిర్వహించెను. అది చేయుపని మిక్కిలి స్వల్పము. డిస్కు మొదటి సెక్టరులోని 512 బైట్లను మెమరీలోనికి తెచ్చి, అధికారమును వానికి అప్పగించును. 1983లో హార్డ్ డిస్కుగల ఎక్స్‌టి నమూనా, దానితోబాటు డాస్ 2.0 వచ్చినపుడు ఈ 512 బైట్లను మూడు పాళ్ళుగా పంచిరి. 446 బైట్లు ప్రోగ్రామునకు, 64 బైట్లు నాలుగు విభాగముల వివరములకు, చివరి రెండును గుర్తునకు. నాలుగు విభాగములలో దేనికి చురుకు గుర్తు ఉండునో అదియే నడచును. పేర్లు లేవు, పట్టిక లేదు. వ్యవస్థను మార్చదలచినవాడు ఎఫ్‌డిస్క్ అను పరికరముతో ఆ గుర్తును జరుపవలెను.

పేర్లను చూపి ఎంచుకొనుమను పద్ధతి తరువాత స్థిరపడినది. 1992 నాటి ఓఎస్/2 రెండవ రూపముతో వచ్చిన బూట్ మేనేజరు డిస్కులో తనకొరకు ఒక చిన్న విభాగమునే కేటాయించుకొనెను. 1993 జూలైలో వచ్చిన విండోస్ ఎన్‌టి అంతకంటె సరళమైన మార్గము త్రొక్కినది. బూట్.ఐఎన్ఐ అను సాధారణ అక్షరముల ఫైలులో వ్యవస్థకొక పంక్తి చొప్పున వ్రాసిపెట్టిరి. అక్కరలేని పేరును తీయవలెనన్న ఫైలు తెరచి, ఆ పంక్తి చెరిపి, భద్రపరచిన చాలును. ఒక్క పంక్తియే మిగిలినచో పట్టిక అసలు కనబడదు. ఇంతకంటె సులభమైన ఏర్పాటు ఆ తరువాత రాలేదనియే చెప్పవచ్చును.

అయినను దానిలో నొక ఉచ్చు కలదు. పంక్తిలో డిస్కులను సున్ననుండియు, విభాగములను ఒకటినుండియు లెక్కింతురు. ప్రధాన విభాగములను ముందు లెక్కించి, తక్కినవానిని వెనుక లెక్కించుట ఆచారము. కావున ఒక ప్రధాన విభాగమును తొలగించినచో వెనుకనున్నవాని సంఖ్యలన్నియు ఒకటి చొప్పున ముందుకు జరుగును. పట్టికలో మాత్రము పాత సంఖ్యలే యుండును. అపుడు చెక్కుచెదరక యున్న వ్యవస్థ కూడ, ముఖ్యమైన ఫైలు లేదను సందేశమిచ్చి నిలిచిపోవును.

లినక్సు పక్షమున మరియొక విధమైన కష్టము ఎదురైనది. వెర్నర్ అల్మెస్‌బెర్గర్ రచించిన లిలో అను ప్రారంభక ప్రోగ్రామునకు ఫైళ్ళ పేర్లు తెలియవు. వ్యవస్థయొక్క కెర్నెల్ డిస్కులో ఏయే గడులలో నున్నదో ఆ సంఖ్యలను మాత్రము గుర్తుంచుకొనును. పట్టికలోని పేరును సవరించిన పిదప లిలోను మరల ఒకసారి నడపవలెను. మరచినచో సవరణ ఫలింపదు. 1995లో ఎరిక్ బోలిన్ ప్రారంభించిన గ్రబ్ ఈ లోపమును తీర్చినది. అది డిస్కులోని ఫైళ్ళను తానే చదువగలదు.

కాని గ్రబ్ కు ఈ తెలివి 446 బైట్లలో ఇమడదు గదా! అందుచేత దాని ముఖ్యభాగమును మొదటి సెక్టరునకును మొదటి విభాగమునకును నడుమనున్న ఖాళీలో ఉంచిరి. పాత డిస్కులలో ఈ ఖాళీ 62 సెక్టర్లు, అనగా సుమారు 31 కిలోబైట్లు. తక్కిన భాగములు, పట్టికతో సహా, లినక్సు విభాగములో నుండును. విండోస్ లోనుండి లినక్సు విభాగమును తుడిచివేసినవారు పొందిన అనుభవమునకు కారణమిదియే. మీట నొక్కగానే ఖాళీలోని గ్రబ్ మేల్కొని, తన తక్కిన భాగమునకై వెదకి, అది లేకపోవుటచే గ్రబ్ రెస్క్యూ అను పదములను చూపి ఊరకుండును. విండోస్ కు గాని, దానిలోని పత్రములకు గాని ఏ హానియు కలుగలేదు. దానికి పోవు దారి మాత్రమే తెగినది. ఈ సంగతి తెలియక, కంప్యూటరు పాడైనదని డిస్కునంతయు శుభ్రము చేసి, ఏండ్లనాటి ఛాయాచిత్రములను పోగొట్టుకొనుటయే నిజమైన నష్టము. ఎక్స్‌పి కాలమున ఫిక్స్ఎంబిఆర్ అను ఒక్క ఆజ్ఞ చాలెను. అది విభాగముల వివరములను ముట్టక, మొదటి సెక్టరులోని ప్రోగ్రామును మాత్రము తిరిగి వ్రాయును. తరువాతి విండోస్ రూపములలో ఇదే పని బూట్‌రెక్ అను పరికరమునకు చేరినది.

2007 జనవరిలో సామాన్యులకు అందిన విండోస్ విస్టా బూట్.ఐఎన్ఐని విడిచిపెట్టినది. దాని స్థానమున బిసిడి అను నిక్షేపము వచ్చెను. ఇందు ప్రతి వ్యవస్థకును 128 బిట్ల గుర్తుసంఖ్య యుండును. అది మామూలు అక్షరముల ఫైలు కాదు గనుక చేతితో దిద్దుటకు వీలులేదు. బిసిడిఎడిట్ అను పరికరముతో గుర్తుసంఖ్య చెప్పి తొలగింపవలెను. లేదా ఎంఎస్‌కాన్ఫిగ్ లోని బూట్ పుటలో పేరు ఎంచి డిలీట్ నొక్కవలెను. పాత బయాస్ యంత్రములకును కొత్త పద్ధతి యంత్రములకును ఒకే ఏర్పాటు ఉండవలెనని ఈ మార్పు చేసిరి. కారణము సమంజసమే. అయినను ఒక పంక్తి చెరిపిన తీరిపోవు పని, ముప్పదిరెండు అంకెల సంఖ్యను తప్పులేక వ్రాయుపనిగా మారినది.

ఆ కొత్త పద్ధతి పేరు యుఇఎఫ్ఐ. ఇంటెల్ సంస్థ మొదలిడిన ఈ ఏర్పాటును 2005లో పలు సంస్థలు కలసి ఏర్పరచిన ఫోరము చేపట్టినది. ఇందు జాబితా డిస్కును విడిచి యంత్రపు ప్రధానఫలకముమీది చెరగని మెమరీకి చేరినది. డిస్కును మార్చి కొత్తది తగిలించినను పాతపేరు పలుకుటకు కారణమిదియే. లినక్సులో ఇఎఫ్ఐబూట్‌మేనేజర్ అను ఆజ్ఞతో నాలుగంకెల సంఖ్య చెప్పి దానిని తీసివేయవచ్చును. ఆ వ్యవస్థ తాలూకు చిన్న సంచిక డిస్కులోని ఇఎఫ్ఐ విభాగములో మిగిలియున్నచో, కొన్ని యంత్రములు దానిని చూచి పేరును తామే మరల చేర్చుకొనును. ఈ మెమరీలోని విషయములు లినక్సులో ఫైళ్ళవలె కనబడును. వానిని మూకుమ్మడిగా చెరిపినందున కొన్ని ల్యాప్‌టాపులు మరల మేల్కొనకుండ పోయినవి. అందుచే 2016లో లినక్సు కెర్నెల్ లో వానిలో చాలవానికి, పొరపాటున చెరుపుటకు వీలులేని రక్షణ కల్పించిరి.

గ్రబ్ రెండవ రూపము పట్టికను చేతితో దిద్దనీయదు. దిద్దినను, కొత్త కెర్నెల్ వచ్చినపుడెల్ల పట్టిక మొదటినుండి తిరిగి తయారగును. ఓఎస్-ప్రోబర్ అను సహాయకుడు విభాగములన్నిటిని గాలించి, కనబడిన వ్యవస్థలనెల్ల చేర్చుచుండెడివాడు. ఇట్లు తెలియని విభాగములను తెరచి చూచుట భద్రతకు భంగకరమని తలచి, 2021లో వెలువడిన గ్రబ్ 2.06లో ఆ సహాయకుని ముందుగానే నిలిపివేసియుంచిరి. అప్పటినుండి తిరుగుముఖమైన ఫిర్యాదు బయలుదేరినది. అక్కరలేని పేరు పోవుటలేదని గాక, డిస్కులో చక్కగా నున్న విండోస్ పేరు పట్టికలో కనబడుటలేదని!