కింది దవడలో ఇంకెంత చోటుంది? వందేళ్ల గొడవ

ఈరోజు హిస్టరీ నా నోట్లోంచే మొదలవుతుంది.

నాకు 28 ఏళ్లు. నా కింది పళ్లు పై పళ్ల కంటే ముందుకొస్తాయి. క్లిప్పులు వేయించుకుందామని వెళ్తే ఒక డాక్టర్ గారు "కింద రెండు పళ్లు పీకాలి" అన్నారు. ఇంకో డాక్టర్ గారు "పీకక్కర్లేదు, జ్ఞానదంతాలు తీసేసి దవడ పళ్లని వెనక్కి జరుపుదాం, చోటుంటే" అన్నారు. ఆ "చోటుంటే" దగ్గర నేను ఆగిపోయాను. చోటు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

1771లో జాన్ హంటర్ అనే సర్జన్ లండన్‌లో పళ్ల మీద ఒక పుస్తకం వేశాడు. కింది దవడ చివర ఎముక చెవి వైపు పైకి లేస్తుంది కదా, పిల్లల్లో దాని ముందు అంచు కరుగుతూ, వెనక అంచు పెరుగుతూ పోతుందని ఆయన గమనించాడు. దవడ పళ్లకి చోటు దొరికేది అలాగే. కానీ పెరుగుదల ఆగిపోయాక ఆ ఆఫర్ క్లోజ్.

తర్వాత అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ వచ్చాడు. డాక్టర్లు ఇప్పటికీ వాడే క్లాస్ వన్, టూ, త్రీ లెక్క ఆయనది, 1899 నాటిది. ఒక్క పన్ను కూడా పీకొద్దు, అన్నీ సరిగ్గా అమరిస్తే ఎముక దానంతటదే సర్దుకుంటుంది అనేది ఆయన నమ్మకం. కాల్విన్ కేస్ ఒప్పుకోలేదు. 1911లో ఇద్దరి వర్గాల మధ్య పెద్ద డిబేట్ నడిచింది. అప్పటికి యాంగిల్ వర్గమే గెలిచింది. కానీ యాంగిల్ శిష్యుడే అయిన చార్లెస్ ట్వీడ్, గురువు పద్ధతిలో చేసిన కేసులు చెడిపోవడం చూసి, అదే పేషెంట్లకి పళ్లు తీసి మళ్లీ ట్రీట్‌మెంట్ చేశాడు. గురువు గీసిన గీతని శిష్యుడే చెరిపాడన్నమాట.

ఇక్కడ ఒకటి గమనించండి. ఇంత గొడవలో ఎముకని సరిగ్గా కొలిచి చూసినవాళ్లు లేరు. 1931లో హాలీ బ్రాడ్‌బెంట్ తలని కదలకుండా పట్టి పక్క నుంచి ఎక్స్‌రే తీసే పద్ధతి తెచ్చాడు. ఆ ఫొటోలో ఆఖరి పన్ను వెనక, పైకి లేచే ఎముక దాకా ఖాళీ కనిపిస్తుంది. హమ్మయ్య, చోటుంది అనుకుంటాం. కానీ అది పక్క నుంచి చూసిన నీడ. దవడ మందం అందులో కనపడదు.

ఇంకో చిక్కు. పన్నుని వెనక్కి నెట్టాలంటే దేన్నో ఆనుకుని నెట్టాలి. ముందు పళ్లని ఆనుకుంటే అవి ముందుకొచ్చేస్తాయి. అందుకే ఎముకలోనే ఆధారం పెట్టారు. 1997లో జపాన్‌లో కానోమి చిన్న స్క్రూ గురించి రాశాడు. 2004లో సుగవారా బృందం ఎముకకి ప్లేట్లు బిగించి పెద్దవాళ్లలో కింది దవడ పళ్లని జరిపింది. సగటున పైభాగం 3.5 మిల్లీమీటర్లు జరిగింది, వేరు దగ్గర మాత్రం 1.8. అంటే పన్ను జరిగింది, కొంత వాలింది కూడా.

మరి ఎంతవరకు జరపొచ్చు? 1998లో ఇటలీ వాళ్లు పళ్ల కోసం త్రీడీ స్కాన్ చూపించాక మందం కూడా కనపడటం మొదలైంది. 2014లో కొరియా డాక్టర్లు స్కాన్లలో కొలిచి అసలు విషయం చెప్పారు. చాలామందిలో హద్దు వెనక లేచే ఎముక కాదు, నాలుక వైపు ఉన్న గట్టి ఎముక గోడ. వెనక పళ్ల వేర్లు ముందు ఆ గోడకే తగులుతాయి. పక్క ఎక్స్‌రేలో మైదానంలా కనిపించింది నిజానికి సందు!

నేనూ స్కాన్ తీయించుకున్నాను. కుడి వైపు కాస్త చోటుంది. ఎడమ వైపు వేరు లోపలి గోడని దాదాపు ఆనుకునే ఉంది. ఒక్క పన్నూ పోగొట్టుకోకూడదని వెళ్లినవాణ్ణి, చివరికి పీకించుకోవడానికే ఒప్పుకున్నాను. బాధగానే ఉంది. కానీ ఆ రెండో డాక్టర్ గారు అబద్ధం చెప్పలేదు, "చోటుంటే" అన్నారు. ఆ మాటే నన్ను కాపాడింది.

స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది, అందరికీ అవసరం పడదు. అయితే మీకెవరైనా "చోటుంది" అంటే ఒక్క ప్రశ్న అడగండి: "ఏ వైపు నుంచి చూసి చెప్తున్నారు సార్?" వందేళ్లు పట్టింది ఆ ప్రశ్న అడగడానికి.