బస్తర్ ఇత్తడి బొమ్మకు పట్టే రోజులు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఘడ్వాలనే పోతపనివాళ్ళు పోసే ఇత్తడి బొమ్మ జానెడు ఎత్తుదైనా వారం పది రోజులకు గాని చేతికి రాదు. అందులో కరిగిన లోహం పోసే పని క్షణాల్లో అయిపోతుంది. మైనపు తీగలు చుట్టడానికి ఒకటి రెండు రోజులు చాలు. మిగిలిన రోజులు చాలావరకు మట్టి ఆరడానికే పోతాయి. ఏనుగు, దాని మీద అంబారీ, అంబారీలో అమ్మవారు, చుట్టూ గంటలు కావాలంటే నెల దాటుతుంది. మనిషంత బొమ్మకు నెలల తరబడి కూర్చోవాలి. ఇన్ని రోజుల పనిని ఏ కాలంలో ఎవరు పోషించారు, దానికి ధర ఏ లెక్కన కట్టారు అన్నవే ఈ వృత్తి చరిత్రలో అసలు ప్రశ్నలు.

ముందు పని జరిగే తీరు చూడాలి. మట్టిలో ఊక కలిపి బొమ్మ లోపలి ముద్ద చేస్తారు. ఏనుగైతే కాళ్ళు, తొండం, పొట్ట వరకే, పైన ఏ వివరమూ ఉండదు. అది ఆరాక పేడ కలిపిన మెత్తటి మట్టి పలచగా పూసి మళ్ళీ ఆరబెడతారు. గరుకు పోయేలా రుద్ది, దాని మీద చిక్కుడాకు పసరు రాస్తారు. పచ్చగా పట్టిన ఆ పసరు మీద మైనం జారకుండా అంటుకుంటుంది. ఇంత అయ్యాక గాని మైనం ముట్టుకోరు.

మైనం అడవి నుంచి వచ్చే తేనెమైనం. అందులో గుగ్గిలం కలిపి కరిగించి, గుడ్డలో వడగట్టి చల్లారనిస్తారు. మెత్తబడేలా కాస్త వేడి చూపించి పిచ్‌కీ అనే గొట్టంలో కూరి నొక్కితే రంధ్రాల గుండా సన్నని తీగలు బారుగా దిగుతాయి. ఏ మందం తీగ కావాలంటే ఆ రంధ్రం ఉన్న బిళ్ళ అమరుస్తారు. ఈ తీగను ముద్ద చుట్టూ సందు లేకుండా వరసలు వరసలుగా చుడతారు. బస్తర్ బొమ్మ ఒంటి మీద కనిపించే గీతలన్నీ ఈ తీగల గుర్తులే. కన్ను ఒక చిన్న చుట్ట, పెదవి రెండు తీగ ముక్కలు, జడ మూడు తీగల అల్లిక. మైనం మీద వేలిగోరు ఆనినా ఆ గీత ఇత్తడిలో వచ్చేస్తుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. ఎండాకాలంలో మైనం మెత్తబడి తీగ నిలవదు, చలికాలంలో పెళుసెక్కి విరుగుతుంది. పక్కన నిప్పుల కుంపటో నీళ్ళ గిన్నో పెట్టుకుని, అవసరాన్ని బట్టి వేడి చూపిస్తూ చల్లబరుస్తూ పని చేస్తారు.

తర్వాత పైపూత. మొదటి పూతకు పుట్టమన్ను, బొగ్గుపొడి వంటివి జల్లించి నూరి, మైనపు గీతల సందుల్లోకి పోయేలా పలచగా పూస్తారు. దీన్ని నీడలోనే ఆరబెట్టాలి. ఎండ తగిలితే లోపలి మైనం కరిగి చేసిన పనంతా చెడిపోతుంది. ఒక్కో పూతా ఆరాక ఇంకో పూత, ఆఖరున ఊక కలిపిన మందపాటి మట్టి. పైన లోహం పోయడానికి గరాటు లాంటి నోరు వదులుతారు. ఆరీ ఆరని అచ్చును నిప్పులో పెడితే లోపలి తడి ఆవిరై అచ్చును పగలగొడుతుంది. అందుకే వానాకాలంలో వారం పట్టే పని రెండు వారాలు పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు.

పోత రోజున అచ్చును కాలిస్తే మైనం కరిగిపోయి తీగలు ఉన్న చోటంతా ఖాళీ మిగులుతుంది. ఇత్తడి తుక్కును మూసలో కరిగిస్తారు. 900 డిగ్రీలు దాటాక గాని ఇత్తడి నీరుకాదు. మంటలో పచ్చని ఛాయ కనబడితే లోహం సిద్ధమైనట్టు లెక్క. ఎంత ఇత్తడి కావాలో ముందే తెలుసు, ఎందుకంటే మైనాన్ని తూచి పెట్టుకుంటారు. ఇత్తడి మైనం కన్నా దాదాపు తొమ్మిది రెట్లు బరువు కాబట్టి మైనానికి ఎనిమిది నుంచి పది రెట్ల లోహం తీసుకుంటారు. పోశాక చల్లారనిచ్చి అచ్చు పగలగొడతారు. గాలి బుడగ నిలిచినా, లోహం ఒక మూలకు చేరకపోయినా అన్ని రోజుల పనీ పోయినట్టే. బొమ్మను మళ్ళీ మట్టి ముద్ద దగ్గర నుంచి మొదలుపెట్టాలి. బాగా వచ్చిన బొమ్మకు ఆకురాయి పట్టి, అంచులు సరిచేసి, బ్రష్షుతో తోముతారు.

ఈ విద్య ఎంత పాతదో చెప్పే వస్తువులు ఉపఖండంలో ఉన్నాయి. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన చిన్న చక్రం ఆకారపు రాగి తాయెత్తును సుమారు 6000 ఏళ్ళ కింద మైనపు నమూనా నుంచే పోశారు. 1926లో మొహంజొదారోలో బయటపడిన నర్తకి విగ్రహం ఎత్తు 10.5 సెంటీమీటర్లు. అదీ మైనపు పోతే. బస్తర్ బొమ్మలు అమ్మే ప్రతి దుకాణంలోనూ ఈ నర్తకి పేరు వినిపిస్తుంది. పద్ధతి ఒకటే అన్నంత వరకు అది నిజం. మొహంజొదారో నుంచి బస్తర్‌లోని కొండగావ్ దాకా తెగని గురుశిష్య పరంపర ఉందనడానికి మాత్రం ఆధారం లేదు. ఘడ్వాల పనితనానికి నాలుగు వేల ఏళ్ళ వంశవృక్షం అతికించనవసరం లేదు, ఆ పనిలో ఉన్న ఓర్పూ నేర్పూ చాలు. దక్కనులో ఇదే పద్ధతిని రాతలో పెట్టిన గ్రంథం కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున ఉన్న మానసోల్లాసం. పన్నెండో శతాబ్దపు ఆ గ్రంథంలో కూడా మైనం తూచి దాన్నిబట్టి లోహం తీసుకోవాలన్న లెక్క ఉంది. తమిళనాట స్వామిమలైలో పోసే పంచలోహ విగ్రహాలు సాధారణంగా గట్టి పోతలు, లోపల కూడా లోహమే. బస్తర్‌లో లోపల మట్టి, పైన పలచటి ఇత్తడి. లోహం కరువైన అడవి ప్రాంతానికి ఇదే కుదిరే పద్ధతి.

బస్తర్ రాజ్యానికి తెలుగువారితో ఉన్న బంధం తెలిసిందే. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి దాటి వచ్చి ఈ రాజ్యాన్ని నెలకొల్పాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. దంతేవాడలోని దంతేశ్వరి ఆ వంశానికి ఇలవేల్పు. పోతపని ఆ వంశంతో వచ్చిందని చెప్పలేం. బస్తర్ రాజొకరు రాణికి చేయించిన నగ చూసి మురిసిపోయి పనివాడికి ఘడ్వా అనే పేరిచ్చాడన్న కథ మాత్రం ఆ కుటుంబాల్లో ఉంది. పాత నమోదుల్లో వీళ్ళు ఎక్కువగా ఘసియాలుగానే కనిపిస్తారు. సంఘంలో పై మెట్టు మీద ఉన్న కులం కాదు. ఊళ్ళో దేవుడి బొమ్మ పోసేది వీళ్ళే అయినా వీళ్ళకు దక్కిన గౌరవం అంతంతమాత్రమే.

పాత రోజుల్లో ఘడ్వాలకు మూడు రకాల పని ఉండేది. మొదటిది నగలు. ముడియా, మాడియా గోండులు వేసుకునే కడియాలు, అందెలు, గజ్జెలు వీళ్ళే పోసేవాళ్ళు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో ముడియాల యువజన గృహమైన ఘోటుల్ గురించి రాసిన పెద్ద గ్రంథంలోనూ, 1951లో మధ్యభారత గిరిజన కళ మీద రాసిన గ్రంథంలోనూ ఆనాటి బస్తర్ అలంకారాల వైభవం కనిపిస్తుంది. రెండోది ఇంటి సామాను: ధాన్యం కొలిచే మానికలు, దీపాలు, గంటలు. మూడోది దేవుడి పని. సిరహా అనే గణాచారికి పూనకం వచ్చి ఫలానా అమ్మవారు తనకు గుర్రం కావాలందనో ఊయల కావాలందనో చెబితే, మొక్కున్న కుటుంబం ఘడ్వాకు చెప్పి చేయించేది. గుర్రం మీద రావుదేవుడు, ఊయలలో అమ్మవారు, ఏనుగెక్కిన దంతేశ్వరి ఆ అవసరంలోంచి పుట్టిన రూపాలే. ఊయల, గొడుగు, పల్లకీ అన్నీ అసలు వస్తువుకు చిన్న నమూనాలు. గుడిలో ఒక మూల పెట్టడానికి, మడయి జాతరకు చేతిలో పట్టుకుని ఊరేగించడానికి ఆ పరిమాణమే సరిపోయేది.

ఈ ఏర్పాటులో రోజుల లెక్క మీద పేచీ ఉండేది కాదు. దేవుడి పనికి గడువు జాతర, దానికి ఇంకా నెలలు ఉండేవి. కూలి ధాన్యంగానో, పాత ఇత్తడిగానో, వీలైతే డబ్బుగానో ముట్టేది. బొమ్మ అమరిందా లేదా అన్నదే చూసేవాళ్ళు, ఎన్నాళ్ళు పట్టిందని అడిగేవాళ్ళు కాదు. ఇరవయ్యో శతాబ్దంలో సంతల్లోకి అల్యూమినియం సామాను, కర్మాగారాల్లో చేసిన చవక నగలు వచ్చాక మొదటి రెండు పనులూ తరిగిపోయాయి. అచ్చులో ఒక్క దెబ్బతో తయారయ్యే కడియంతో, వారం పట్టే కడియం ఎలా పోటీపడుతుంది? చాలా కుటుంబాలు కూలికి మళ్ళాయి.

స్వాతంత్ర్యం వచ్చాక కొనేవాళ్ళు మారారు. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. అమెరికన్ డిజైనర్ రూత్ రీవ్స్ దేశమంతా తిరిగి మైనపు పోత పద్ధతులను పరిశీలించి 1962లో గ్రంథం వెలువరించింది. ఈ పని గురించి ఆ తర్వాత రాసినవాళ్ళు ఆ పుస్తకం దగ్గరే మొదలుపెట్టారు. అంతకన్నా లోతుగా వెళ్ళింది బెంగాలీ శిల్పి మీరా ముఖర్జీ. జర్మనీలో చదువుకుని వచ్చిన ఆమె బస్తర్ వచ్చి ఘడ్వాల దగ్గర నేల మీద కూర్చుని పని నేర్చుకుంది. భారతదేశ లోహపు పనివాళ్ళ మీద ఆమె రాసిన గ్రంథం 1978లో వచ్చింది. ఆమె చేసిన కళింగ అశోకుడు పదకొండు అడుగుల పైచిలుకు విగ్రహం. విడివిడి భాగాలుగా పోసి కలిపారు. చేతిలో పట్టే బొమ్మ కోసం పుట్టిన పద్ధతితో మనిషిని మించిన శిల్పం చెయ్యవచ్చని అది చూపించింది.

కొండగావ్ ఘడ్వాలలో ఆ దారిన పోయి దేశానికి తెలిసినవాడు జయదేవ్ బఘేల్. తండ్రి దగ్గర పని నేర్చుకున్న ఆయనకు 1977లో జాతీయ పురస్కారం వచ్చింది. దేవుళ్ళ రూపాలతో పాటు చెట్టు, సంత, బస్తర్ జానపద ప్రేమకథ ఝిట్కూ-మిట్కీ వంటివి ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. భోపాల్‌లో 1982లో తెరిచిన భారత్ భవన్‌లో చిత్రకారుడు జె. స్వామినాథన్ గిరిజన కళను ఆధునిక కళ పక్కనే, సమానంగా నిలబెట్టాడు. పేరు లేని పనివాడి స్థానంలో సంతకం ఉన్న కళాకారుడు వచ్చాడు. ఇలాంటి కొద్దిమంది విషయంలో కొనేవాడు రోజులకు డబ్బిచ్చాడు. ఆరు నెలలు పట్టిన పనికి ఆరు నెలల విలువ దక్కింది.

మిగతావాళ్ళ సంగతి వేరు. ఎంపోరియంలు, వ్యాపారులు ఇత్తడి బొమ్మను ఎక్కువగా కిలోల లెక్కన కొంటూ వచ్చారు. ఈ పనికి జరిగిన పెద్ద అన్యాయం ఇదే. నాలుగు అంగుళాల ఊయలకు గొలుసులు, గంటలు, అమ్మవారి వేళ్ళు అన్నీ సన్నని తీగతో చెయ్యాలి. దానికి పట్టే రోజులు ఎక్కువ, బరువు తక్కువ. అదే మందంగా పోసిన సాదా గుర్రం త్వరగా అవుతుంది, తూకంలో బాగా తూగుతుంది. తూకానికి కొంటే సన్నపని చేసేవాడు నష్టపోతాడు. తీగ లావవుతుంది, చుట్లు తగ్గుతాయి, ముఖాలన్నీ ఒకేలా వస్తాయి. దుకాణాల్లోని మొద్దు బొమ్మలు చూసి పనితనం తగ్గిందనేవాళ్ళు ఆ తూకం రాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పరిమాణం తగ్గేకొద్దీ కష్టం పెరుగుతుందన్న సంగతి ప్లాస్టిక్ నమూనాలు కట్టే అభిరుచి ఉన్నవాళ్ళకూ తెలుసు. 1950లలో బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 72వ వంతు పరిమాణంలో విమానాల కిట్లు అమ్మడం మొదలుపెట్టాక అది ప్రపంచమంతా పాకిన కాలక్షేపమైంది. తేలిక విమానం రెండు మూడు సాయంత్రాల్లో తయారవుతుంది, తాళ్ళూ తెరచాపలూ ఉన్న ఓడకు నెలలు కావాలి. అక్కడా జిగురు, రంగు ఆరేదాకా ఆగడమే సగం పని. కిట్టు ముక్కలు మాత్రం ఉక్కు అచ్చులోంచి వేల సంఖ్యలో, ఒకే రూపంలో వస్తాయి. బస్తర్‌లో ఒక బొమ్మకు ఒకే అచ్చు. దాన్ని పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది, అందుకే రెండోది మొదటిదానిలా ఉండదు. అభిరుచి కోసం కట్టేవాడికి ఆ గంటలే ఆనందం. ఘడ్వాకు అవి తిండిగింజలు.

ఈ మైనపు పోతపనినే ఢోక్రా అంటారు. బస్తర్ ఢోక్రాకు 2008 ప్రాంతంలో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. 2012లో కొండగావ్ ప్రత్యేక జిల్లా అయింది. తెలంగాణలో ఇదే విద్య ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా పోతపనివాళ్ళ దగ్గర ఉంది. ఉషేగావ్, కేస్లాగూడ వంటి ఊళ్ళలో గోండుల దేవతామూర్తులు, గంటలు, నగలు పోసే ఈ కుటుంబాలు బస్తర్ ఘడ్వాల కన్నా చాలా తక్కువ. ఆదిలాబాద్ ఢోక్రాకు 2018లో గుర్తింపు దక్కింది. గుర్తింపు వల్ల పేరుకు రక్షణ వచ్చింది గాని ధర కట్టే లెక్క మారలేదు.

పనిలో కొంత వేగం వచ్చిన మాట నిజం. కొలిమి తిత్తుల బదులు కరెంటు బ్లోయర్లు వచ్చాయి. తేనెమైనం ప్రియం కావడంతో అందులో పారఫిన్ వంటి మైనాలు కలుపుతున్నారు. సానపట్టడానికి యంత్రాలున్నాయి. ఇవన్నీ పోతకు ముందో వెనకో కొన్ని గంటలు మిగిలిస్తాయి. ముద్ద ఆరడం, నీడలో పూత ఆరడం, తీగ చుట్టడం వెనకటి లాగే ఉన్నాయి. కుటుంబంలో ఆడవాళ్ళు మైనం, మట్టి పనుల్లో సగం మోస్తారు, వాళ్ళ రోజులు ఏ బిల్లులోనూ ప్రత్యేకంగా కనిపించవు. ఒక్కో బొమ్మ ఆరేదాకా కాచుకు కూర్చోకుండా పది ఇరవై బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టి, ఒకటి ఆరుతుంటే ఇంకోదానికి తీగ చుట్టి, అన్నిటినీ కలిపి ఒకే రోజు పోతపోయడం కొండగావ్‌లో ఇప్పటి పద్ధతి. వానలు మొదలయ్యేలోగా వీలైనన్ని పోతలు ముగించుకుని, వాన నెలల్లో మైనం పనీ సానపనీ చూసుకుంటారు.