సారమేయునకు అభయము

ఆదిపర్వము ఆరంభమున, కౌరవపాండవులు రంగమునకు రాక మునుపే, ఒక కుక్కపిల్ల ఏడ్పు వినవచ్చును. పరీక్షిత్తు కుమారుడైన జనమేజయుడు కురుక్షేత్రమున దీర్ఘసత్రము చేయుచుండగా, దేవతల శునకియైన సరమ కన్న సారమేయుడు యాగశాల దరికి వచ్చెననియు, రాజు తమ్ములైన శ్రుతసేనుడును ఉగ్రసేనుడును భీమసేనుడును దానిని కొట్టిరనియు, అది ఏడ్చుచు తల్లికడకు పరుగిడెననియు వ్యాసుడు చెప్పగా, మన నన్నయభట్టు ఆ ఉదంతమును తెనుగు చేసెను. హవిస్సును నాకకయు, దానివంక చూడనైన చూడకయు ఉన్న బిడ్డను అకారణముగా కొట్టినందుకు మీకు కనబడని భయము వచ్చునని రాజుతో పలికి సరమ వెడలిపోయెను. ఆ మాటకు కలతపడిన జనమేజయుడు దోషశాంతి చేయగల పురోహితునికై వెదకి, శ్రుతశ్రవసుని కుమారుడైన సోమశ్రవసుని వరించెను.

ఈ కథను వినినవారు శాపమును జ్ఞాపకముంచుకొందురు కాని, ఆ పిల్ల పిమ్మట ఏమయ్యెనని అడుగరు. పరాయివారి దెబ్బ తినిన ఆ కూన మరల మనిషిని చూచి తోక ఊపెనా? ఈ ప్రశ్న నేటికిని మన ఇండ్లలో ఎదురగుచునే యున్నది. వీధి మొగనుండి జాలితో తెచ్చుకొనిన కుక్కపిల్ల ఇంటివారికి నాలుగు దినములలో చేరువగును, అయిదవనాడు చుట్టము వాకిట అడుగిడగానే తోకను కడుపున కదుముకొని మంచము క్రిందికి దూరును. ఇంటివారు దానిని బయటికి లాగి, ఏమీ చేయరులే యని ఊరడించుచు ఆ చుట్టము ఒడిలో ఉంచుదురు. అది వణకును, మూత్రము విడుచును, కొన్నినాళ్లకు పండ్లు చూపును. ఈ భయమేమిటో మనుష్యుడు ఎట్లు తెలిసికొనెనో, దానిని పోగొట్టు విద్య ఎట్లు ఏర్పడెనో చెప్పు చరిత్ర, వేలయేండ్ల మన శునకసాహచర్యములో కడపటి నూరేండ్లకు చెందినది.

పూర్వులు శునకమును ఎరుగనివారు కారు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున సారమేయవినోదమునకు ప్రత్యేకస్థాన మొసగెను. మన ప్రబంధకవులు మృగయావర్ణనలయందు వేటకుక్కల వేగమును తెగువను ముచ్చటగా చిత్రించిరి. అయినను లోకము దృష్టిలో కుక్క ధైర్యము జాతిగుణము, పుట్టుకతో వచ్చిన సొత్తు. పిరికి పిల్లను వదలివేయుటయో, కొట్టి దారికి తెచ్చుటయో ఆచారము. కుక్కకాటుకు చెప్పుదెబ్బ యను సామెతను తరతరములుగా పలికిన మనము, ఆ కాటునకు పూర్వము కుక్క మనసున ఏమి జరిగెనో విచారింపలేదు.

1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడు నగరమున నీవా నది పొంగి, ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాలలోని కుక్కల గదులలోనికి వరద చొచ్చెను. 1904లో నోబెల్ బహుమానము నందిన ఆ శరీరశాస్త్రవేత్త పరిచారకులు నీటికెదురేగి కుక్కలను ఈదించి కాపాడిరి. ప్రాణములు దక్కినవి కాని, వానిలో కొన్ని అంతకు మునుపు నేర్చిన దానిని మరచిపోయెను. ఒక కుక్క, కుదుటపడిన పిమ్మట సైతము, తలుపు క్రిందుగా సన్నని నీటిధార పారినంతనే భీతిల్లిపోయెను. ఒక్కనాటి భయము ప్రాణిలో ఎంత లోతున నాటుకొనునో పావ్లోవ్ అట్లు కన్నులార చూచెను. తరువాతి దశాబ్దమున ఆయన ప్రయోగశాలలోనివారు కొన్ని కూనలను బోనులలోను, కొన్నింటిని స్వేచ్ఛగాను పెంచి చూడగా, బోనులలో పెరిగినవి ప్రతి కొత్త చప్పుడునకును కుంగిపోవునవి యయ్యెను. జాతిగుణమని లోకము నమ్మిన పిరికితనమున పెంపకపు పాలు ఎంత కలదో అప్పుడు బయటపడెను.

ఆ 1924వ సంవత్సరముననే అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను విదుషి, కుందేలనిన హడలిపోవు ఒక పసివాని వృత్తాంతమును ప్రకటించెను. పీటరని ఆమె పేర్కొనిన ఆ బాలునకు మూడేండ్లయినను నిండలేదు. వాడు ఇష్టమైన తినుబండారము తినుచుండగా, ఆమె కుందేలును గదిలో దూరముగా ఉంచి, వాని నెమ్మది చెడనంత మేరకే దినదినమును కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చెను. కొంతకాలమునకు వాడు ఒకచేత తినుచు మరియొకచేత దానిని నిమురజొచ్చెను. కుక్కలతో ఆ పరిశోధనకు సంబంధమే లేదు. అయినను నేడు భయపడు కుక్కపిల్లకు నేర్పరులు చేయు చికిత్స అంతయు, దూరమును రుచిని జతపరచిన ఆ యుపాయమునుండియే అంకురించినది.

భయమునకు ఉపాయము దొరకినను, దానికి అనువైన కాలమేదియో తెలియవలసి యుండెను. ఆ రహస్యము అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున, బార్ హార్బర్ అను సముద్రతీరపు ఊరిలో వెల్లడియయ్యెను. అచటి జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను ఇరువురు అయిదు జాతుల కుక్కలను ఏండ్ల తరబడి పరిశీలించి, 1965లో తమ ఫలితములను గ్రంథముగా వెలువరించిరి. అంతకు ముందు 1961లో ప్రకటితమైన ఒక ప్రయోగము ఇచటిదే. కాకర్ స్పానియల్, బీగిల్ జాతుల కూనలను మనుష్య స్పర్శ సోకకుండ, ఎత్తైన కంచె నడుమ పచ్చికబయలున తల్లులతో ఉంచి, వేరువేరు వయసులలో కొన్నింటిని ఒక్కొక్క వారము మాత్రము మనుష్యుల కడకు తెచ్చిరి. మూడవ వారమున వచ్చినవి మనిషిని చూచినంతనే దగ్గరకు చేరెను; అయిదవ వారమునవి మొదట కొంచెము జంకెను; ఏడవ వారమునవి రెండు దినములు వెనుదీసెను; తొమ్మిదవ వారమువానికి అంతకంటె ఎక్కువ కాలము పట్టెను. పదునాలుగు వారములవరకు మనిషినే ఎరుగని కూనలు అడవిమృగముల వలె పారిపోయెను. వానిలో ఒకదానిని మూడు మాసములు లాలించినను కొలదిమార్పు మాత్రమే కానవచ్చెను.

మూడవ వారమునుండి ఇంచుమించు పండ్రెండవ వారము వరకు కూన మనసు లోకమునకు తెరచిన వాకిలి వంటిదని ఇందువలన తేలెను. ఆ వాకిలి మూతపడు కాలము సైతము యుగయుగముల మచ్చికవలన మారగలదని సైబీరియాలోని నక్కలు సూచించినవి. 1959లో ద్మీత్రి బెల్యాయెవ్ నోవోసిబిర్స్కున ఆరంభించిన ప్రయోగమున, మనిషికి జడియని నక్కలనే తరతరములుగా ఎన్నికచేసి పెంచుచు రాగా, మామూలు నక్కపిల్లలలో ఆరవ వారమున పొడసూపు భయము ఆ సంతతిలో తొమ్మిదవ వారమునకో, ఇంకను ఆలస్యముగానో కాని రాకుండెను.

ఈ జ్ఞానమును ఆచరణమున పెట్టి మొదటి ఫలమనుభవించినది అంధులకు దారిచూపు కుక్కలను తీర్చిదిద్దు వృత్తి. మొదటి ప్రపంచ సంగ్రామమున చూపు కోల్పోయిన సైనికులకై 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బుర్గున అట్టి పాఠశాల వెలసెను. 1942లో కాలిఫోర్నియాలో స్థాపితమైన మరియొక సంస్థకై పనిచేసిన క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్, మంచి జాతి కూనలు పలువురి అంచనాలకు విరుద్ధముగా శిక్షణలో ఏల తప్పుచున్నవని మథనపడి, స్కాట్ సహాయము నర్థించెను. కెన్నెలున పరీక్షలు ముగిసిన పిమ్మట ఇండ్లకు పంపుటలో జాప్యము జరిగి, కొన్ని వారములు అచటనే మిగిలిపోయిన కూనలే ఎక్కువగా విఫలమగుచున్నవని ఆ యిరువురు కలిసి 1959లో నిరూపించిరి. సకాలమున పిల్లలున్న ఇండ్లకు చేరి, సంతలు, మెట్లు, వాహనములు, పలురకముల మనుష్యులను చూచుచు పెరిగిన కూనయే కన్నులు లేనివానికి కన్నులు కాగలిగెను.

విద్య స్థిరపడుచున్న కాలమున ఒక వ్యాధి అడ్డు తగిలెను. 1978లో పొడచూపిన పార్వో వైరస్ కొలదికాలముననే లోకమెల్ల వ్యాపించి కూనలను బలిగొనుచుండగా, టీకాలన్నియు పూర్తియగువరకు పిల్లను గడప దాటింపవలదని వైద్యులు హెచ్చరించిరి. ప్రాణరక్షణకై చెప్పిన ఆ మాట న్యాయమైనదే కాని, టీకాలు ముగియునప్పటికి మనసు వాకిలి మూతపడుచుండెను. 1980లలో ఇయన్ డన్‌బార్ అను పశువైద్యుడు కాలిఫోర్నియాలో కూనలకు ప్రత్యేకతరగతులు నడిపి, అవి తాడులేక కలిసి ఆడుకొనుచు కొత్తవారి చేతినుండి తినునట్లు చేసెను. తుదకు 2008లో అమెరికాలోని పశుప్రవర్తన వైద్యుల సంఘము, మొదటి విడత టీకా పడిన వారము దినములకు, శుభ్రమైన చోట, ఏడెనిమిది వారముల కూనకు సైతము లోకపరిచయము కలిగింపవచ్చునని ప్రకటించెను.

మన పల్లె వీధులలో ఈ పరిచయము శాస్త్రమెరుగకయే జరుగుచుండును. రచ్చబండ మూల పుట్టిన కూనను పిల్లలు చంకనిడుకొని ఊరెల్ల త్రిప్పుదురు. పాలవారు, బండ్లవారు, గంగిరెద్దులవారు దాని కన్నులముందు నడచుచుందురు. అది పారిపోదలచినచో పారిపోవుటకు వీధి యంతయు కలదు. అదే తూము క్రింద దాగి పెరిగిన పిల్లయో, రాళ్లదెబ్బలు తినిన పిల్లయో మన ఇంటికి వచ్చినపుడు, దాని వారములు గడచిపోయి యుండవచ్చును. అట్టిదానికి గడచిన కాలమును మరల తేలేము కాని, పీటరునకు ఒసగిన దూరమును ఒసగగలము. వచ్చినవారు కూనవంక సూటిగా చూడక, పైకి వంగక, చేయి చాపక, ప్రక్కకు తిరిగి నేలపై కూర్చుండవలెను. ఉడికించిన కోడిమాంసపు తునకనో, గుడ్డుముక్కనో అది దాగినచోటి దాపున విసరి, అది వెనుకకు పోదలచిన పోనీయవలెను. పెదవులు నాకికొనుట, ఊరక ఆవులించుట, తల ప్రక్కకు త్రిప్పుట దాని మొర; ఆ మొర వినగానే దూరము పెంచవలెను. ఒకనాటికి ఒక్క కొత్త ముఖము చాలును. హెల్మెటు ధరించి గ్యాసుబండ తెచ్చు మనుష్యుని మొదటిదినముననే చూపనక్కరలేదు. కూన తానై అడుగు ముందుకు వేసినపుడు మాత్రమే ఆ దూరము నిజముగా తగ్గినదని తెలియవలెను.

సరమ పలికిన కనబడని భయము నాకు ఇప్పుడు శాపముగా తోచుటలేదు. అది లోకమున జరుగునదానిని చూచి ఒక తల్లి చెప్పిన తీర్పు. కొట్టబడిన కూన గుండెలోని భయము కంటికి కానరాక పెరిగి, ఒకనాడు కోరగా మారి, కొట్టినవానిని గాక వాకిట అడుగిడిన నిరపరాధిని కరచును. దోషశాంతికై జనమేజయుడు సోమశ్రవసుని వెదకుకొనుచు పోవలసివచ్చెను. మనకు అంత ప్రయాస లేదు. గుప్పిట నాలుగు తునకలు పట్టుకొని, గోడవంక ముఖముతో నేలపై కూర్చుండి, మంచము క్రిందినుండి ఒక తడి ముక్కు తన అరచేతిని తాకువరకు కదలక ఆగగల చుట్టము ఒక్కడు చాలును.