గాలి యనుమతి

ఇంగ్లండు దేశమున బెడ్‌ఫోర్డుషైరు మండలమందలి ఓల్డ్ వార్డెన్ అను చిన్న గ్రామము చెంత, సిమెంటు బాట యెరుగని యొక పచ్చికబయలును, దానికంటుకొనిన కొన్ని విమానశాలలును గలవు. పాత మోటారుకార్లయందును పాత విమానములయందును సమానమైన మోహము గల రిచర్డ్ షటిల్‌వర్త్ అను సంపన్న యువకుడు, లోకము పనికిరావని పారవేసిన యంత్రములను కొనితెచ్చి, మరమ్మతు చేయించి, ఇచ్చటనుండి ఎగురవేయుచుండెను. రెండవ ప్రపంచయుద్ధమున వైమానికదళమున జేరి, 1940 ఆగస్టు 2వ తేదీ రాత్రి ఫెయిరీ బాటిల్ విమానము కూలి యతడు మరణింపగా, తల్లి డొరొతీ 1944లో కుమారుని పేర నొక ధర్మనిధిని నెలకొల్పెను. సాప్‌విత్ పప్, ఎస్.ఇ.5ఎ, బ్రిస్టల్ ఫైటర్, గ్లాడియేటర్, హరికేన్, స్పిట్‌ఫైర్ మున్నగు యుద్ధవిమానములు నేటికిని ఆ నిధి పోషణలో సజీవములై యున్నవి. ఎగురుచున్నవి, గాలి యొప్పుకొనిన దినములలో.

ఆ తుదిమాట వేసవి విమానోత్సవములకు టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకునకు మిక్కిలి కష్టము కలిగించునది. మబ్బు దిగివచ్చి, వాన చినుకులు పడుచుండ, గొడుగు క్రింద నిలిచి, కార్యక్రమపత్రికలోని పేర్లు ఒక్కొక్కటియే రద్దగుచుండుట వినవలసివచ్చినవాడు, యుద్ధములు గెలిచిన విమానములు ఈపాటి తుంపరకు వెరచుటేమని విసుగుకొనుట సహజమే. కాని నా యభిప్రాయములో, ఆ యంత్రములు తమ చరిత్రను యథాతథముగ ప్రదర్శించుట ఎగురనినాడే యెక్కువ. ఏలయన వానికి మొదటినుండియు యజమాని వాయుదేవుడే గాని చోదకుడు గాడు.

విమానోత్సవమను ఆచారమే వానలో పుట్టినది. 1909 ఆగస్టులో ఫ్రాన్సునందలి రైమ్స్ నగరము వెలుపల, బెతనీ మైదానమున, ప్రపంచమున ప్రప్రథమమైన మహావిమానసమ్మేళనము జరిగినపుడు, తొలిదినమున కురిసిన వాన నేలనంతయు బురద చేయగా, విమానములు కొన్ని కదలలేక చిక్కుకొనినవి. అదే యేడు అక్టోబరులో ఇంగ్లండునందలి బ్లాక్‌పూల్ తీరమున సభ జరుపగా, గాలియు వానయు ఏకమై దినములకు దినములు మ్రింగివైచినవి. తుదకు 22వ తేదీన, తక్కినవారందరు శాలలు వదలి రానొల్లని పెనుగాలిలో, హ్యూబర్ట్ లాథమ్ తన ఆంత్వానెత్ విమానమును పైకెత్తెను. గాలికెదురు పోవునపుడు ఒకేచోట నిలిచినట్లును, గాలివాలున మరలినపుడు బాణమువలెను అది కనబడెనట. జనులు హర్షధ్వానములు చేసిరి. తక్కిన చోదకులు మాత్రము ఆ సాహసమును ఆదర్శముగ గైకొనలేదు. వారి వివేకమును నేను మెచ్చుకొందును.

ఆ తరముననే కొంచెము పిమ్మట పుట్టిన యుద్ధవిమానముల నిర్మాణమును పరికించినచో ఈ భయమునకు కారణము తేటపడును. కొయ్యచట్రము, దానిపై నారబట్ట, ఆ బట్ట బిగియుటకై పూసిన వార్నీషువంటి లేపనము, కర్రల నతికించిన జిగురుసైతము పలుచోట్ల పాలనుండి తీసినదే. ఇట్టి శరీరమునకు తేమ తగదు. కొయ్యరెక్కలుగల పంకా వేగముగ తిరుగుచుండగా వానచినుకులు చిన్నరాళ్లవలె తాకి యంచులను కొరికివేయును. అందుచేతనే ఆ యంచులకు ఇత్తడిరేకు తొడుగువారు. రెక్కల వైశాల్యము హెచ్చు, బరువు స్వల్పము గనుక, ఒక్క యీదురుగాలి చాలు, నేలపై నున్నదానినే బోర్లించుటకు.

ఇక పప్, ఆవ్రో 504 మొదలగువాని యందలి రోటరీ యింజను సంగతి వేరుగ చెప్పవలెను. ఈ యింజనునందు సిలిండర్లు సైతము పంకాతో గూడ గిరగిర తిరుగును. ఆ బరువు తిరుగుడుచేత విమానమును ఒకవైపు మరల్చిన ముక్కు క్రిందికి వ్రాలును, రెండవవైపు మరల్చిన పైకి లేచును. వేగము తగ్గించుటకు తగిన సాధనము లేక, దిగునపుడు చోదకుడు మీటనొక్కి మంటను క్షణక్షణము ఆపుచు విడుచుచు నుండవలెను. వీనికి కందెన ఆముదము! పెట్రోలులో సులభముగ కలిసిపోని గుణముచేత ఆముదమునే యెన్నుకొనిరి. వాడిన ఆముదము బయటికి చిమ్మి చోదకుని ముఖముపైనను అద్దములపైనను పడుచుండెడిది. దానిని పీల్చిన ఫలము వారి కడుపులు అనుభవించెడివట. తెలంగాణపు మెట్టపొలముల ఆముదపు చెట్టు నెరిగిన మనకు ఆ ఫలమును వివరింప నక్కరలేదు. ఇట్టి యంత్రమును, ఇట్టి ముఖముతో, అస్థిరమైన గాలిలో నడుపుమని జనుల వినోదార్థము కోరుట న్యాయమా?

దీనికి తోడు, చూపరులు సాధారణముగ గమనింపని మార్పొకటి నేలయందు జరిగినది. ఆనాటి విమానాశ్రయము బాట గాదు, విశాలమైన బయలు. గాలి యే దిక్కునుండి వీచిన ఆ దిక్కునకే ముఖముపెట్టి పరుగెత్తి యెగురుటకు అది యవకాశమిచ్చెడిది. అడ్డగాలి యను చిక్కు లేకుండెను. పిమ్మట బరువైన విమానములకై గట్టి రన్‌వేలు వచ్చి, అవి ఒకటి రెండు దిక్కులకే కట్టువడినవి. తోకపై కూర్చుండు పాత విమానము అడ్డగాలికి దిగినపుడు తోక నొక ప్రక్కకు విసరి గిర్రున తిరిగిపోవును. స్పిట్‌ఫైర్ వంటి లోహవిమానమునకు సైతము చక్రములు దగ్గరదగ్గరగా నుండుటవలన ఈ ప్రమాదము కలదు. ఆ విమానముల శక్తి తగ్గలేదు. వాని కాళ్లక్రింది నేలయే మారినది.

ఉత్సవస్థలమున ఎండ కాయుచుండగా ఆశించిన విమానము రాకపోవుటయు కలదు. 1957లో బిగిన్ హిల్‌నందు పుట్టి, ఇప్పుడు లింకన్‌షైరునందలి కోనింగ్స్‌బీలో నివసించు బ్రిటన్ యుద్ధస్మారక విమానదళమువారి లాంకాస్టరు, స్పిట్‌ఫైర్లు బయలుదేరుచోట పొగమంచు పట్టినను, మార్గమధ్యమున మబ్బు క్రిందికి దిగినను రాజాలవు.

యుద్ధకాలమున మాత్రము వాతావరణము దయ చూపెనా? 1940 ఆగస్టు 13న బ్రిటనుపై మహాదాడికి జర్మనులు ముహూర్తము పెట్టుకొనగా, ఉదయము మబ్బు క్రమ్మినందున దాడిని వాయిదా వేసిరి. ఆ యాజ్ఞ అందక ఫింక్ అను సేనాని డోర్నియర్ బాంబరులతో సాగిపోయి, రక్షకవిమానములు వెంటలేకయే ఈస్ట్‌చర్చిపై బాంబులు వైచి, కొన్నిటిని పోగొట్టుకొని మరలెను. ఆ వేసవిలోనే వార్మ్‌వెల్ పచ్చికమైదానమునుండి స్పిట్‌ఫైర్లతో పోరాడిన 152వ దళమునకు హైదరాబాదు పేరుండెను.

ఆ పేరు వైమానికదళమున అప్పటికి క్రొత్తది గాదు. 1918లో నిజాము ఉస్మాన్ అలీఖాను ఇచ్చిన ధనముతో డి.హెచ్.9ఎ బాంబరులు సమకూర్చబడిన 110వ దళము, హైదరాబాదు దళమని పిలువబడి, ఆ సెప్టెంబరులో ఫ్రాన్సునందలి బెతాంకూరు చేరి, జర్మను నగరములపై పగటిదాడులు సాగించెను. శత్రువుల మూలమున కోల్పోయినవానికంటె ప్రమాదములలో ముక్కలైన విమానములే యెక్కువ.

ఆ దళపు విమానములలో ఎఫ్1010 సంఖ్య గలది 1918 అక్టోబరు 5న జర్మనుల చేతచిక్కి, బెర్లినులో ప్రదర్శనవస్తువై, రెండవ యుద్ధకాలమున పోలెండుకు తరలి, క్రాకోవులో మిగిలి, 1977లో ఒక స్పిట్‌ఫైరునకు మారుగ ఇంగ్లండుకు తిరిగివచ్చినది. 1920 మొదలు 1937 వరకు వైమానికదళమువారు ఏటేట మహోత్సవములు జరిపిన హెండన్ మైదానముననే నేడు వారి వస్తుశాల యున్నది. అందు చేర్చబడిన ఎఫ్1010 ఇక నెగురదు. దాని పార్శ్వమున, ఇది హైదరాబాదు నిజామువారి కానుక యనియు, ‘హైదరాబాదు నెం. 12ఎ’ అనియు వ్రాసియున్నది.