కెమెరా ఎవరిది? మాట ఎవరిది?

2009 నవంబర్ 29. ఎల్బీనగర్ చౌరస్తా. తెలంగాణ కోసం మంటల్లో నిలబడ్డ బహుజన బిడ్డ కాసోజు శ్రీకాంతాచారిని న్యూస్ చానళ్లు మళ్లీ మళ్లీ చూపించాయి. డిసెంబర్ 3న అతను చనిపోయాడు. జనం కదిలారు. కానీ కెమెరా చానళ్లది. ఏది చూపాలో, ఎప్పుడు ఆపాలో తేల్చింది వాళ్లే.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. ఈసారి ఫోన్ నుంచి ఫోన్‌కు తిరిగింది అతను స్వయంగా రాసిన ఉత్తరం. దానికి ఏ చానల్ అనుమతీ అక్కర్లేకపోయింది. ఇది పెద్ద మార్పే. అయినా రెండుసార్లూ లోకం మనవైపు చూడటానికి మన చావే కావాల్సి వచ్చింది. టెక్నాలజీ మారింది, షరతు మారలేదు.

ఇదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ వేరే దారి వేశారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో వాడల్లో చైతన్యం తెచ్చారు. 1931లో 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. హరికథ పాతది, పత్రిక కొత్తది. రెండింటిలోనూ మాట్లాడింది బతికున్న మనమే.

ఇవాళ ఫోన్ మనది, ఫేస్‌బుక్ మనది కాదు. మన పోస్టు ఎవరికి చేరాలో కంపెనీ తేలుస్తుంది. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ రాయండి. రాసింది ఇక్కడే వదిలేయకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ నోట్స్ జిరాక్స్ తీయించేటప్పుడు దాన్నీ నాలుగు కాపీలు తీయించి హాస్టల్‌లో పంచండి, దాచండి. మన చావు వార్త కాకముందే మన బతుకును లోకం చదవాలి.

జై భీమ్.